కింది వరుస బాబాయి

ఆయన చేతికి ఏ కాగితం ఇచ్చినా అడుగు వరుస నుంచే చదివేవాడు. పేపరు ఇస్తే అచ్చువేసిన ప్రెస్సు చిరునామాతో మొదలుపెట్టేవాడు. శుభలేఖ ఇస్తే పెళ్ళి ఎక్కడో ముందు తెలిసేది, ఎవరెవరికో ఆనక తెలిసేది. భార్యకి డిటెక్టివ్ నవలల పిచ్చి. అద్దెకు తెచ్చుకున్న నవలని ఆవిడ బట్టల పెట్టె అడుగున దాచుకునేది. అది ఈయన కంటపడిందంటే చాలు, ఆఖరి పేజీ ఆఖరి వరుస చూసి, హంతకుడెవరో టీ తాగుతూ తాపీగా చెప్పేసేవాడు. "ఇంక నేను చదివేదేముంది, నా మొహం" అని ఆవిడ పుస్తకం మూసేసేది. ఆయన నిజంగానే నొచ్చుకునేవాడు. కావాలని చేసేవాడు కాదు మరి.

వీధిలో వాళ్ళు ఆయన్ని కింది వరుస బాబాయి అనేవాళ్ళు. అసలు పేరు ఇంటి తలుపు మీద ఉండేది గానీ ఎవరూ దాని జోలికి పోలేదు. మనమూ బాబాయనే అందాం.

అది పోస్టాఫీసు పెట్టిన అలవాటు. బాబాయి అక్కడ సార్టరు. అంటే వచ్చిన ఉత్తరాల్ని ఊళ్ళవారీగా విడదీసేవాడు. పొడవాటి గది, ఎత్తైన కిటికీలు, లక్క వాసన, గోనె సంచుల దుమ్ము. గోడకి ఆనించి చెక్క గూళ్ళ బీరువా, డెబ్భై రెండు గూళ్ళు, ఒక్కో గూడు ఒక్కో ఊరికి. ఉత్తరం రాసేవాడు చిరునామాని పేరుతో మొదలుపెడతాడు. సార్టరుకి పేరుతో పనేముంది? ఊరు కావాలి. ఊరు కింది వరుసలో ఉంటుంది. అందుకని ఎడమ చేతిలో కట్ట పట్టుకుని, బొటనవేలితో ఒక్కో కవరు ముందుకు తోస్తూ, కింది వరుస మాత్రం చూసి గూట్లోకి విసరాలి. కళ్ళు పైకి పోయాయంటే చెయ్యి ఆగుతుంది. చెయ్యి ఆగితే సంచి ఆగుతుంది. సంచి ఆగిందని రైలు ఆగదు కదా. ఇరవయ్యో ఏట ఆ గూళ్ళ ముందు నిలబడ్డ మనిషి అక్కడే నిలబడి జుట్టు నెరిపించుకున్నాడు.

ఆ రోజుల్లో ఆ దేశాన్ని దొరలు ఏలేవాళ్ళు. ఆఫీసు కాగితాలన్నీ దొరల భాషలోనే. బాబాయికి ఆ భాష చదవడం, రాయడం వచ్చు. కొండల అవతల పుట్టాడు గనక ఇంటి భాష వచ్చు. అది ఆ దేశంలో కొద్దిమంది మాట్లాడుకునే భాష, దానికంటూ సొంత లిపి కూడా ఉంది. ఇక ఆ ఊళ్ళోనూ దేశంలోనూ ఎక్కువమంది మాట్లాడేది పెద్ద భాష. అది ఆయనకి నోటికి వచ్చు గానీ చేతికి రాదు. బజారులో బేరమాడగలడు, పక్కింటివాళ్ళతో పోట్లాడగలడు, అంతే. అక్షరం ముక్క రాదు. రావాల్సిన అవసరమూ ఎప్పుడూ పడలేదు, పక్క బల్ల వాళ్ళు పెద్ద భాష ఉత్తరాలు చూసుకునేవాళ్ళు, ఈయన మిగతావి చూసుకునేవాడు.

స్వతంత్రం వచ్చింది. బాబాయి అందరితో పాటు ఊరేగింపులో నడిచాడు. గొంతు పోయేదాకా అరిచాడు. ఇంటికొచ్చి మూడు రోజులు సైగలతో మాట్లాడాడు, భార్య ఆ మూడు రోజులూ హాయిగా నవలలు చదువుకుంది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదాన్ని బట్టి ఆయనకి ఆ దేశమంటే పడదని ఎవరూ అనుకోకూడదు. జెండా ఎగిరినప్పుడు ఆయన కళ్ళు అందరి కళ్ళలాగే చెమ్మగిల్లాయి.

మరుసటి ఏడాది ఆఫీసుకి ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. పెద్ద భాష వాళ్ళ పిల్ల. మాట దురుసు, చెయ్యి చురుకు. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ళు పోస్టుమాస్టరు ముందు నిలబడి దేశ ప్రతిజ్ఞ చేయాలని కొత్త ప్రభుత్వం నియమం పెట్టింది. ఆ అమ్మాయి కాగితం వైపు చూడకుండా గడగడా చెప్పేసింది. ఆ ప్రతిజ్ఞంటే ఆటలు కాదు. అంతకు ముందు వారమే పక్క ఆఫీసులో ఒక గుమాస్తా ప్రతిజ్ఞ మధ్యలో నవ్వాడని ఇంటికి పంపించేశారు.

ఆమెని ముందు ముద్రలు కొట్టే బల్ల దగ్గర వేశారు. దాంతో ముద్రలమ్మాయి అనే పేరు అతుక్కుపోయింది. ఉత్తరాలు ఎక్కువైన రోజున గూళ్ళ దగ్గరికీ పంపేవాళ్ళు. అక్కడ ఆమెకి చుక్కలు కనపడ్డాయి. పేరు చదివి, వీధి చదివి, ఊరు చేరేసరికి కట్టలో సగం నేల మీద ఉండేది. పొరపాటున వేరే ఊరి గూట్లో పడ్డ ఉత్తరాలు నెలలో ఇరవై అయితే ఉద్యోగం ఊడుతుంది. పదిహేను రోజులకే ఆమెవి పద్దెనిమిది అయ్యాయి.

బాబాయి రెండు రోజులు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. మూడో రోజు ఆయన వల్ల కాలేదు. వెళ్ళి ఆమె చేతిలోని కవరు మీద తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. కింది వరుస తప్ప ఏమీ కనపడకుండా.

"పైన ఏముందో మనకెందుకమ్మాయ్? అది పోస్ట్‌మ్యాన్ చూసుకుంటాడు. నువ్వు కింద చూడు."

"మీ చెయ్యి తియ్యండి, నాకు తెలుసు."

"తెలిస్తే పద్దెనిమిది ఎందుకయ్యాయి?"

ఆ వారమంతా బాబాయి తన పనితో పాటు ఆమె పక్కన నిలబడి, కవరు తర్వాత కవరు మీద అరచెయ్యి పెడుతూనే ఉన్నాడు. నెలాఖరుకి ఆమెవి పందొమ్మిదితో ఆగాయి. అప్పటినుంచి ఆమె ఆయన్ని బాబాయ్ అనడం మొదలుపెట్టింది. ప్రేమగా పిలిచిందని కాదు, గొడవ పెట్టుకోవడానికి వీలుగా ఉంటుందని.

ఆ తర్వాత వచ్చింది రాజ్య భాషా చట్టం.

ఒక ఉదయం నోటీసు బోర్డు దగ్గర అందరూ మూగారు. బాబాయి వెళ్ళి నిలబడ్డాడు. కాగితం నిండా పెద్ద భాష. పాతికేళ్ళు అక్షరాలతో బతికిన మనిషి, తన ఆఫీసు గోడ మీద కాగితం ముందు గుడ్డివాడిలా నిలబడాల్సి వచ్చింది. అటూ ఇటూ చూసి, ముద్రలమ్మాయి చెంగు లాగినంత పని చేశాడు.

"ఏముందమ్మాయ్ అందులో?"

ఆమె మొదటి నుంచీ చివరిదాకా చదివి వినిపించింది. ఇకనుంచి దేశానికి ఒకటే రాజ్య భాష. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళందరూ ఏడాది లోపల ఆ భాష చదవడంలో, రాయడంలో పరీక్ష పాసవ్వాలి. తప్పినవాళ్ళని తీసేస్తారు. మళ్ళీ రాసే అవకాశం లేదు. రెండోది, ఉత్తరాల మీద చిరునామా రాజ్య భాషలో ఉండాలి. దొరల భాషలో ఉన్నవాటికి ఏడాది గడువు. వేరే ఏ భాషలో ఉన్నా బట్వాడా చేయరు.

బాబాయి నలభై ఆరేళ్ళ వయసులో మళ్ళీ పలక పట్టాలి. పట్టకపోతే ఇల్లు గడవదు. కానీ నిజం చెప్పాలంటే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది రెండో సంగతి. కొండల అవతల నుంచి రోజూ నలభై యాభై ఉత్తరాలు ఇంటి భాషలో వచ్చేవి. అక్కడి ముసలివాళ్ళకి వేరే లిపి తెలియదు. ఆ ఆఫీసు మొత్తంలో వాటిని చదవగలిగినవాడు తనొక్కడే. తను పోతే అవి ఎవరివో చెప్పడానికి కూడా మనిషి ఉండడు.

మర్నాటినుంచి గది మూల ఒక వెదురు బుట్ట వెలిసింది. బట్వాడా లేని ఉత్తరాలన్నీ అందులో. వారానికే అది పొంగిపొర్లింది. పదో రోజున బాబాయి దాని పక్కగా వెళుతూ ఆగిపోయాడు. పైన ఉన్న కవరు మీద దస్తూరి ఆయనకి తెలుసు. నెలకోసారి రాసే పెద్దక్కది. ఈసారి కింది వరుస చూడక్కర్లేకపోయింది, పై వరుసలో తన పేరే ఉంది.

తీసి చేతిలో పట్టుకున్నాడు. పోస్టుమాస్టరు గదిలోకి వెళ్ళాడు. పోస్టుమాస్టరు పెద్ద భాష మనిషే. మంచివాడే గానీ కాగితానికి భయపడే రకం.

"సార్, ఇది నా ఉత్తరం. మా అక్క రాసింది."

పోస్టుమాస్టరు కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీదేనని మీరంటున్నారు. నేను చదవలేను కదా. చదవలేనిదాన్ని ఇవ్వకూడదని రూలు. నన్నేం చేయమంటారు చెప్పండి?"

"నేను ఇక్కడే ఉన్నాను సార్."

"ఉన్నారయ్యా. నేను కాదన్నానా?"

ఉత్తరం బాబాయి చేతిలోనే ఉంది. అయినా అందలేదు. ఆయన దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ బుట్టలో పెట్టేశాడు. దొంగతనంగా జేబులో వేసుకుంటే అడిగే నాథుడు లేడు. కానీ పాతికేళ్ళలో ఒక్క ఉత్తరం జేబులో వేసుకోని చెయ్యి అది. ఆ రోజు మధ్యాహ్నం డబ్బా విప్పలేదు. భార్య సర్దిన అన్నం సాయంత్రం అలాగే ఇంటికి వచ్చింది.

ముద్రలమ్మాయి ఇదంతా తన బల్ల దగ్గర నుంచి చూసింది. మర్నాడు భోజనాల వేళ బుట్టని ఈడ్చుకుంటూ వచ్చి ఆయన ముందు దబ్బున పెట్టింది. చేతిలో ఎర్ర పెన్సిలు ఉంది.

"చదవండి."

"ఏమిటి?"

"చిరునామా చదవండి బాబాయ్. మీరు పైకి చదివితే నేను మా భాషలో కింద రాస్తాను. చిరునామా రాజ్య భాషలో ఉండాలన్నాడు. ఎవరు రాయాలో అన్నాడా? నోటీసు నాలుగుసార్లు చదివాను, ఎక్కడా లేదు."

బాబాయి పైనున్న కవరు తీసి, మెల్లగా చదవడం మొదలుపెట్టాడు, అడుగు వరుస నుంచి. ఆ మధ్యాహ్నం అరగంటలో ఇరవై మూడు ఉత్తరాలకి ఎర్ర అక్షరాలు పడ్డాయి. పోస్టుమాస్టరు అటుగా వచ్చాడు. ఎర్ర పెన్సిలు చూశాడు, బుట్ట చూశాడు. కాసేపు బుర్ర గోక్కున్నాడు. "రూల్లో లేదు గనక నేను చూళ్ళేదు" అని వెళ్ళిపోయాడు. ఆయన చేసిన మేలు అంతే. కానీ ఆ రోజుల్లో అది చిన్న మేలేం కాదు.

పెద్దక్క ఉత్తరాన్ని ముద్రలమ్మాయి ఆఖర్న రాసింది. ముద్ర కొట్టి, బాబాయి చేతికి ఇవ్వబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుని సంచిలో వేసింది. "పద్ధతిగా ఇంటికే వస్తుంది లెండి" అంది. సాయంత్రం పోస్ట్‌మ్యాన్ తలుపు కొట్టి ఇచ్చాడు. అందులో పెద్ద విశేషాలేం లేవు. మోకాళ్ళ నొప్పులు, మేక ఈనిన సంగతి, ఉత్తరాలు రాయవేంరా అని తిట్లు. బాబాయి రెండుసార్లు చదువుకుని, ఆ తిట్లకి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ బుట్టే ఆయనకి బడి అయింది. మొదట ఆమె రాస్తుంటే చూశాడు. తర్వాత ఆమె రాసినదాన్ని చిత్తు కాగితాల మీద దిద్దాడు. తర్వాత ఎర్ర పెన్సిలు తనే తీసుకున్నాడు. ముద్రలమ్మాయి ఓపిక గల పంతులమ్మ కాదు. తప్పు రాస్తే ముద్ర తీసి కాగితం మీద ఠపీమని కొట్టేది. బాబాయి చిత్తు కాగితాల నిండా తేదీల ముద్రలే.

"మూడో తరగతి పిల్లలు రాస్తారు బాబాయ్ ఇది."

"మూడో తరగతి పిల్లలకి మోకాళ్ళ నొప్పులుండవు. నన్ను తిట్టకు."

ఆరు నెలలకి ఆయన పెద్ద భాషలో చిరునామా రాయగలిగాడు. చిక్కల్లా ఏమిటంటే, చిరునామాలే రాయగలిగాడు. ఊళ్ళు, వీధులు, ఇంటి నంబర్లు, గారికి అనే మాట వచ్చాయి. ఒక పూర్తి వాక్యం రాయమంటే నీళ్ళు నమిలేవాడు. అప్పుడు ముద్రలమ్మాయి ఇంటినుంచి పిల్లల పాఠం పుస్తకం పట్టుకొచ్చింది. ఆయన దాన్నీ అడుగు నుంచే మొదలుపెట్టాడు. నక్క ముందు ద్రాక్షపళ్ళు పుల్లనివని వెళ్ళిపోయి, ఆ తర్వాత తోటలోకి వచ్చింది.

"పైనుంచి బాబాయ్. పైనుంచి."

"పైనుంచే చదువుతున్నానే."

"మీకు పైన ఎక్కడో కూడా మర్చిపోయారా?"

ఆమె ఆ పేజీ మీద ఒక అట్టముక్క పెట్టి, ఒక్కో వరుస కనపడేలా కిందికి జరుపుతూ చదివించింది. ఒకప్పుడు ఆయన అరచెయ్యి పెట్టినట్టే, కాకపోతే తలకిందులుగా. అట్టముక్క ఉన్నంతసేపూ బాగానే చదివేవాడు. తీసేస్తే మళ్ళీ మామూలే. ఇంట్లో భార్య కూడా నవలలు త్యాగం చేసి, అట్టముక్కలు కత్తిరించి పెట్టింది. పరీక్ష దగ్గరపడేకొద్దీ ఆవిడ నిద్రలో కూడా పైనుంచి, పైనుంచి అని కలవరించేది.

పరీక్ష ఒక బడిలో పెట్టారు. పిల్లల బెంచీల మీద నెరిసిన జుట్టువాళ్ళు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. రాజధాని నుంచి ముగ్గురు పరీక్షాధికారులు వచ్చారు. రాతపరీక్ష ఉదయం. ఒక ఉత్తరం రాయమన్నారు, అది బాబాయి గట్టెక్కాడు. కవరు మీద చిరునామా మాత్రం ముత్యాల్లా రాశాడు. మధ్యాహ్నం చదివే పరీక్ష. ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి, ఒక కాగితం ఇచ్చి, గట్టిగా చదవమంటారు. ముద్రలమ్మాయి ఆ రోజు సెలవు పెట్టి వచ్చి వరండాలో కూర్చుంది. అట్టముక్క లోపలికి తీసుకెళ్ళనివ్వరని తెలిసి బాబాయికి చెమటలు పట్టాయి.

"ఊపిరి పీల్చుకోండి. తల ఎత్తండి. తల ఎక్కడుంటే అక్కడినుంచి చదవండి" అని చెప్పి పంపించింది.

బల్ల వెనక నడుమ కూర్చున్న పెద్దాయన కాగితం ఇచ్చాడు. ఆరు వరుసలు. చిన్న కాగితం, అచ్చం కవరంత. అదే కొంప ముంచింది. బాబాయి చెయ్యి దాన్ని పట్టుకోవడంతోనే ఎడమ బొటనవేలు అలవాటుగా అంచు మీదికి వెళ్ళింది. కళ్ళు అడుగుకి జారాయి. ఆయన గట్టిగా, తడబడకుండా, కింది వరుస నుంచి పైకి చదివేశాడు.

"ఈ మాట తప్పితే శిక్ష అనుభవిస్తాను. దాని భాషను గౌరవిస్తాను. దాని చట్టాలకు తల వంచుతాను..."

మూడు వరుసలయ్యేసరికి గదిలో నిశ్శబ్దం ఆయన చెవికి తగిలింది. అది దేశ ప్రతిజ్ఞ. దాన్ని తిరగేసి చదువుతున్నాడు. నడుమ కూర్చున్న పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"ఇది ఎగతాళా?"

"కాదు సార్."

"దేశ ప్రతిజ్ఞని శిక్షతో మొదలుపెట్టి వెనక్కి చదవడం ఏమిటి? మీరు ఏ భాషవాళ్ళు?"

బాబాయి చెప్పాడు. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కుడి పక్కనున్నాయన కలం తీశాడు.

ఉద్యోగం సంగతి అటుంచి, ఇది జైలు దాకా పోయేలా ఉంది. అయినా బాబాయి ఉన్నమాట చెప్పాడు. తను సార్టరునని, ఊరు కింద ఉంటుందని, ఇరవై ఏడేళ్ళుగా కాగితమంటే కిందినుంచేనని, ఇంట్లో నవలలు దాచుకుంటారని కూడా చెప్పేశాడు. పెద్దాయన నమ్మలేదు. "నిరసన తెలపాలనుకునేవాళ్ళు ఏ కథైనా చెబుతారు. మా భాష మనిషి ఎవడైనా ఇలా చదువుతాడా?" అన్నాడు.

"మా ఆఫీసు అమ్మాయి బయట ఉంది సార్. కావాలంటే అడగండి. నేను ఎలా చదువుతానో చెబుతుంది."

ముద్రలమ్మాయిని పిలిచారు. ఆమె వచ్చి నిలబడింది. ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు, కానీ తలుపు తెరిచే ఉంది, వరండాలోకి ప్రతి మాటా వినపడుతూనే ఉంది. పెద్దాయన ఆమె ఊరు, భాష అడిగాడు. గూళ్ళ దగ్గర ఎన్నాళ్ళుగా పని చేస్తున్నావన్నాడు. రెండేళ్ళంది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, అదే కాగితం ఆమె చేతికి ఇచ్చాడు.

"ఇది చదువమ్మా."

ఆమె కాగితం అందుకుంది. ఎడమ బొటనవేలు అంచు మీదికి వెళ్ళింది.

"ఈ మాట తప్పితే శిక్ష అనుభవిస్తాను" అని మొదలుపెట్టింది. "దాని భాషను గౌరవిస్తాను."

అలా అడుగు నుంచి పైదాకా ఆరు వరుసలూ చదివింది. చదివి, తల ఎత్తి, ముగ్గురి మొహాలూ చూసి, "ఏమైంది సార్?" అంది.

పెద్దాయన కూలబడ్డాడు. ఎడమ పక్కనున్నాయన నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. పెద్ద భాషలో పుట్టి పెరిగిన పిల్ల, ఏ అనుమానమూ లేని పిల్ల, ఆ గూళ్ళ ముందు రెండేళ్ళు నిలబడితే ఇలా అయిందంటే, ఇరవై ఏడేళ్ళు నిలబడ్డవాడి సంగతి చెప్పాలా? పెద్దాయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. తర్వాత తన చేతిలోని ఫైలు అట్టని ఆ కాగితం మీద పెట్టి, పై వరుస ఒక్కటే కనపడేలా జరిపాడు.

"ఇప్పుడు చదవండి."

బాబాయి చదివాడు. అట్ట మెల్లగా కిందికి దిగింది. నత్తి నత్తిగానే, కానీ ఆరు వరుసలూ తప్పు లేకుండా చదివాడు. సరిగ్గా పాసు మార్కులు వేశారు, ఒక్కటి కూడా ఎక్కువ వెయ్యలేదు.

బయటికి వచ్చాక బాబాయి వరండా మెట్ల మీద కూర్చుండిపోయాడు. "నా జబ్బు నీకూ అంటించానమ్మాయ్" అన్నాడు. "అంటించారు లెండి" అంది ఆమె, నవ్వుతూ. ఇంటికి వెళ్ళి చెబితే భార్య ముందు నవ్వి, తర్వాత ఏడ్చి, తర్వాత అట్టముక్కలన్నీ పొయ్యిలో పడేసింది.

ఎర్ర పెన్సిలు మాత్రం ఆగలేదు. తొమ్మిదేళ్ళు రోజూ భోజనాల వేళ బుట్ట ముందుకు వచ్చేది. బాబాయి చదవడం, ఆమె రాయడం. ఆమెకి పని ఉంటే ఆయనే చదివి ఆయనే రాసుకోవడం. కొండల అవతల ముసలివాళ్ళకి ఈ సంగతి తెలియనే తెలియదు. ఉత్తరాలు అందుకున్నవాళ్ళు కవరు మీద ఎర్ర గీతలు పోస్టాఫీసు వాళ్ళ లాంఛనం కాబోలని అనుకునేవాళ్ళు. తొమ్మిదేళ్ళ తర్వాత ఎవరెవరో రాజధానిలో పోట్లాడి, చట్టం సవరించారు. ఇంటి భాషతో పాటు మరో మూడు భాషల్లో చిరునామా రాసినా బట్వాడా చేస్తారని నోటీసు వచ్చింది. ఆ నోటీసు కింద అదే మాట బాబాయి ఇంటి భాషలోనూ అచ్చయింది. ఆయనే ముందు చదివాడు, అడుగున ఉంది మరి. కొండ ఊళ్ళ లిపి చదివేవాళ్ళు ప్రతి ఆఫీసులో ఒకరుండాలని కూడా అందులో ఉంది. మా ఆఫీసుకి నా తర్వాత ఎవరు వస్తారో అని బాబాయి బెంగపెట్టుకున్నాడు గానీ, మరో మూడేళ్ళు తనే ఉన్నాడు. తర్వాత రిటైరయ్యాడు.

రిటైరైన నాడు ఆఫీసులో మాటలు చెప్పారు. ముద్రలమ్మాయి ఏమీ మాట్లాడలేదు. ఆమెకి అప్పటికి చెవుల పక్కన రెండు తెల్ల వెంట్రుకలు వచ్చాయి. బాబాయి కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. పద్నాలుగేళ్ళు పక్కపక్కన నిలబడ్డాం, ఒక్క ముక్క అనలేదే అనుకున్నాడు.

పది రోజులకి పోస్ట్‌మ్యాన్ తలుపు కొట్టాడు. కవరు చేతికి ఇచ్చాడు. బాబాయి బొటనవేలు అంచు మీద పెట్టి చూశాడు. ఊరు ఆయన ఇంటి భాష లిపిలో ఉంది. వీధీ అంతే. పేరూ అంతే. పిల్లలు పలక మీద దిద్దినట్టు వంకర టింకర అక్షరాలు. పెద్ద భాష ఒక్క ముక్క లేదు, ఎర్ర పెన్సిలు గీత లేదు. అయినా వచ్చింది.

దస్తూరి ఎవరిదో తెలియలేదు. లోపలి కాగితం విప్పి, మామూలుగానే, అడుగు నుంచి మొదలుపెట్టాడు.

అట్టడుగున, ఇట్లు ముద్రలమ్మాయి అని ఉంది.

బాబాయి దాని పైన ఉన్నది చదివాడు. తప్పులుంటే దిద్దకండి, ఎర్ర పెన్సిలు ఇప్పుడు నా దగ్గరుంది. దాని పైన, మీరు చదువుతుంటే విని విని, చూసి చూసి, మీ లిపి వచ్చేసింది, కొండ ఊళ్ళ ఉత్తరాలు చదివే పని నాకే ఇచ్చారు, మీరు బెంగ పెట్టుకోకండి. దాని పైన, ఆ రోజు నా కవర్ల మీద మీ చెయ్యి పెట్టకపోతే ఇరవయ్యో తప్పు పడి ఇంట్లో కూర్చునేదాన్ని, ఈ మాట ఎదురుగా చెబితే ఏడుస్తానని చెప్పలేదు.

ఇక పైన ఒక్క సంగతే మిగిలింది. బాబాయి దాన్ని చదివాడు.

బాబాయ్, ఆ పరీక్ష గదిలో నేను అలవాటుగా చదవలేదు. ఆ ప్రతిజ్ఞ నాకు చూడకుండానే వచ్చు. మీరు ఈ వరుస ఆఖర్న చదువుతారని మొదట రాశాను.

ప్రతిజ్ఞ మధ్యలో నవ్వినందుకే ఒకడి ఉద్యోగం పోయిన రోజులవి. ఆ పిల్ల ముగ్గురు అధికారుల ముందు దాన్ని కావాలని తిరగేసి చదివింది. చదివి, ఏమీ ఎరగనట్టు, ఏమైంది సార్ అంది. పన్నెండేళ్ళు తను ఆమెకి జబ్బు అంటించానని బాధపడుతుంటే, అంటించారు లెండి అని ఊరుకుంది. ఇంతటి మేలు చేసినవాళ్ళు పక్కన నిలబడి రోజూ తిడుతుంటే, తను తిట్లే చూశాడు.

భార్య వంటింట్లోంచి వచ్చింది. "ఎవరు రాశారు? ఏమైంది, మీ అక్కయ్యగారు బాగున్నారా?"

బాబాయి కాగితం మళ్ళీ విప్పి, ఆవిడకి చదివి వినిపించాడు, పైనుంచి కిందికి. ఆవిడ చివరిదాకా విని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"మరి ఇంకా కూర్చున్నారేమిటి? చెప్పులు వేసుకోండి. నేనూ వస్తాను."

పోస్టాఫీసు ఇంటికి నాలుగు వీధుల అవతల. సార్టింగు గదిలో బయటివాళ్ళు అడుగుపెట్టకూడదు. పోస్టుమాస్టరు వీళ్ళిద్దరినీ చూసి, చూడనట్టు కాగితాల్లో తల దూర్చాడు. గూళ్ళ ముందు ముద్రలమ్మాయి నిలబడి ఉంది, ఎడమ చేతిలో కట్ట, చెవి వెనక ఎర్ర పెన్సిలు. బాబాయి దారి పొడుగునా ఎన్నో మాటలు కూడబలుక్కున్నాడు. తీరా ఎదురుగా నిలబడితే అన్నీ ఎగిరిపోయాయి.

"అమ్మాయ్" అన్నాడు. "నీ ఉత్తరం అందింది."

ఆమె తల తిప్పలేదు. కట్టలోంచి ఒక్క కవరూ గూట్లోకి పోలేదు గానీ, చెయ్యి మాత్రం కట్టని గట్టిగా పట్టుకునే ఉంది. కాసేపటికి సగం కట్ట తీసి, వెనక్కి చూడకుండానే ఆయనకి అందించింది.

"వచ్చినవాళ్ళు ఊరికే నిలబడతారా? రైలుకి ఇరవై నిమిషాలే ఉంది."

బాబాయి కట్ట అందుకుని, ఆమె పక్కన తన పాత చోట నిలబడి, కింది వరుస చూసి మొదటి ఉత్తరాన్ని గూట్లో వేశాడు.